మా పులప్ప మామ వీరమరణం

ఆ రోజుల్లో మాకు ‘తెలియదు’ అని చెప్పడం చేతనయ్యేది కాదు. ఎవరైనా బండి ఆపి దారి అడిగితే, ఆ ఊరు మేం పుట్టి బుద్ధెరిగి చూడకపోయినా, చెయ్యెత్తి ఏదో ఒక దిక్కు చూపించేవాళ్లం. అడిగినవాళ్లను వట్టి చేతులతో పంపడం మర్యాద కాదని మా నమ్మకం. ఏడో తరగతితో బడి మానేసిన నాకు ఈ మర్యాద మరీ ఎక్కువ. చదువు లేని పిల్ల, దీనికేం తెలుసులే అనుకుంటారేమోనని అడగనివి కూడా చెప్పేదాన్ని. ఆ గుణం వల్లే ఒకసారి మా మేనమామను, ఆయన బతికుండగానే, యుద్ధంలో చంపేశాను.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్లు. పెద్దపంజాణి దగ్గర పల్లె మాది. రాగి చేను, టమోటా తోట, నాలుగు ఆవులు. పొద్దునా సాయంత్రం పాలక్యాన్లు సైకిల్‌కు అటొకటి ఇటొకటి తగిలించుకుని పాలకేంద్రానికి తొక్కుకుంటూ పోయేదాన్ని. ఏ చేని గెనిమ (గట్టు) మీద సైకిల్ పోతుందో, ఏ గెనిమ మీద జారుతుందో నాకు తెలిసినంతగా ఆ చేల సొంతదారులకు కూడా తెలియదు. (జారి పాలు ఒలికిన చోట్లు ఇంకా బాగా తెలుసు. ఆ రోజుల్లో పాలలో నీళ్లెందుకు పెరిగేవో అమ్మకు ఇప్పటికీ తెలియదు.) ఇట్లా ఉండగా బెంగుళూరు నుంచి ఒక జట్టు మా ఊరికి వచ్చింది. వాళ్లవి మౌంటెన్ బైకులు. టైర్లకు ట్రాక్టర్ టైర్లకున్నట్టు పళ్లు, హ్యాండిల్ దగ్గర లెక్కలేనన్ని గేర్లు, వెనక క్యారియర్ మాత్రం లేదు. “ఇంత ఖరీదు పెట్టి ఒక గడ్డిమోపు కూడా పెట్టుకోను లేదే!” అని మా అమ్మ జాలిపడింది.

వాళ్ల కోరిక ఏమిటంటే, మదనపల్లెలో బయలుదేరి, పుంగనూరు మీదుగా కుప్పం దాకా, తారు రోడ్డు ఎక్కకుండా చేల మధ్య దారుల్లోనే పోవాలి. దారిలో పాత యుద్ధాల గుర్తులన్నీ చూడాలి. పాలెగాళ్ల నాటి కూలిన మట్టి కోటలు, ఇంకా ముఖ్యంగా వీరగల్లులు. వీరగల్లు అంటే పోరాటంలో చనిపోయినవాడి బొమ్మ చెక్కి నిలబెట్టిన రాయి. మా వైపు చేలల్లో చాలా ఉన్నాయి. అప్పటి ఫోన్లలో మా గెనిమలు కనిపించేవి కావు కాబట్టి దారి చూపే మనిషి కావాలి. జట్టుకు పెద్ద, ఎండలో కూడా చేతులకు గ్లౌజులు తీయని ఒకామె. నేను ఆమెకు గ్లౌజులక్క అని పేరు పెట్టుకున్నాను. ఆమె పక్కన రిటైరైన కాలేజీ మాస్టరు ఒకాయన, ఎప్పుడూ చేతిలో నోటుపుస్తకం, ఆయన రాళ్ల సారు. జట్టులో తెలుగు వచ్చింది సారు ఒక్కరికే. మిగతావాళ్లకు ఆయనే కన్నడంలో చెప్పేవారు. (కన్నడం నాకు అర్థమవుతుందని వాళ్లకు చెప్పలేదు. అది మాత్రం ఎవరూ అడగలేదు మరి.)

“ఈసారి బాగా జరిగితే ఇక నెలనెలా నువ్వే మాకు గైడు” అని గ్లౌజులక్క మాటగా సారు చెప్పారు. నెలకోసారి పల్లె దాటి కుప్పం దాకా సైకిల్ తొక్కుకుంటూ పోవడం! నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు. నాన్న మాత్రం మంచంలోంచి లేవకుండానే తీర్పు చెప్పాడు. “పో, వద్దనను. కానీ ఒగరు నీ మీద ఒగ మాట సెప్పినా, సైకిల్ చైను పీకి అటక మీద పారేస్తా. ఆ పైన టమోటాలు కోసుకుంటా ఇంటికాడ ఉండాల్సిందే, సూడు.” ఈ మాట అన్నప్పుడు మామ కూడా మా వాకిట్లోనే ఉన్నాడు. అది గుర్తుపెట్టుకోండి.

మదనపల్లె నుంచి పుంగనూరు దాకా ఏ గొడవా లేకుండా సాగింది. వాళ్లు గేర్లు మార్చుకుంటూ మెత్తగా పోతుంటే, ముందర నేను పాలక్యాన్ల కొక్కేలు గలగలలాడిస్తూ పోయాను. మా ఊరి పొలిమేరలో రాగి చేని పక్కన ఒక వీరగల్లు ఉంది. అక్కడికి రాగానే “దిగండి! దిగండి!” అని గట్టిగా అరిచాను. మా వైపు ఆచారం అది. ఎంత పని మీద పోతున్నా, బండయినా సైకిలైనా, ఆ రాయి ముందు దిగి నడిపించుకునే పోవాలి. అయితే నాకు తెలియనిదొకటి ఉంది. వాళ్ల బూట్ల అడుగున ఏదో ఇనుప ముక్క ఉండి, పెడల్‌కు తాళం వేసినట్టు పట్టుకుంటుందట. మడమ పక్కకు తిప్పితేనే ఊడుతుందట. నా అరుపుకు గ్లౌజులక్క బ్రేకు వేసింది, కాలు ఊడలేదు, సైకిల్‌తో సహా పక్కకు ఒరిగి, సరిగ్గా రాయి ముందు చేతులు చాచుకుని పడింది. ఆమె మీద ఇంకొకాయన. చేలో కలుపు తీస్తున్న మా అత్త (మామ భార్యే) తల ఎత్తి చూసి, “ఎంత బక్తి తల్లీ! మనోళ్లు సెయ్యి గూడా ఎత్తరు” అని మెచ్చుకుంది.

దుమ్ము దులుపుకుని లేచాక సారు అడిగారు, “ఎందుకమ్మా ఇక్కడ దిగాలి? ఎవరిదీ రాయి?” అదీ ప్రశ్న. మా అవ్వ దిగమంది, మేం దిగాం. అవ్వ వాళ్ల అవ్వ దిగమంది, ఆమె దిగింది. ఎవరిదని ఎవరు అడిగారు గనక! తెలియదంటే గైడు పని పోతుంది. “పులప్పది సార్” అనేశాను.

పులప్ప అంటే మా మామ. ఆ పేరు ఆయనకు అమ్మానాన్న పెట్టింది కాదు. ఒక సాయంత్రం మసక వెలుతురులో, తాడు తెంపుకుని వచ్చిన తన సొంత ఎద్దునే చిరుతపులి అనుకుని చింతచెట్టు ఎక్కాడు. అత్త నిచ్చెన తెచ్చి వేసేదాకా దిగలేదు. ఆనాటి నుంచి ఊరందరికీ పులప్ప. యుద్ధవీరుడి పేరు అనగానే నా నోటికి అదే వచ్చింది. ఇక ఆగానా! “సుల్తాను దండు వచ్చె సార్. ఆవులనంతా తోలుకుని పోతాండారు. ఊరంతా తలుపులు బిగించుకున్నారు. పులప్ప ఒక్కడే కత్తి దూసి ఈ గెనిమ మీద నిలబడె” అని మొదలుపెట్టి, రాయి మీద కత్తి పట్టిన మనిషిని, కింద ఆవులను చూపించాను. “పైన ఆయన్ని రెండు చేతులూ పట్టుకున్న ఈ ఇద్దరు ఆడవాళ్లు?” అన్నారు సారు. “పెండ్లాలు సార్. సాలింక ఇంటికి రమ్మని లాక్కుని పోతాండారు.” సారు నోటుపుస్తకంలో రాసుకున్నారు. ముఖం కదల్లేదు.

సరిగ్గా అప్పుడే గడ్డిమోపు వేసుకున్న మోపెడ్ ఒకటి వచ్చి, రాయి ముందు ఆగింది. మామ దిగి, చెప్పులు విడిచి, బండి నెట్టుకుంటూ రెండడుగులు వేశాడో లేదో, చేలోంచి అత్త కేక వేసింది. “ఓ పులప్పా! కొడవలి ఈడనే మరిసి పోతాండావే!” జట్టంతా ఒక్కసారిగా ఆయన వైపు తిరిగింది. సారు నెమ్మదిగా అడిగారు, “మీ పేరూ పులప్పేనా? సుల్తాను దండుతో పోరాడి ఇక్కడ చనిపోయిన పులప్ప మీ వంశమేనా? ఈ అమ్మాయి చెప్పింది.”

మామ నన్ను పక్కకు లాగి గుసగుసగా, “ఏమ్మే, నేనెప్పుడు సస్తిని?” అన్నాడు.

“మామా, సైకిల్ చైను మామా...” అన్నాను.

మామ నా ముఖం చూశాడు. తలగుడ్డ విప్పి, దులిపి, మళ్లీ చుట్టుకున్నాడు. తర్వాత రాయి పక్కన నిలబడి గొంతు సవరించుకున్నాడు. “మా తాతకు తాత సార్. ఆ పొద్దు మునిమాపు యాళ. దండు వస్తాండాది. పులప్ప ఏం జేసె? చింతమాను ఎక్కె!”

“చెట్టు ఎందుకు ఎక్కాడు?”

“పైనుంచి సూస్తే దండంతా కనపడతాది గదా సార్! కదల్లేదు. ఊపిరి తియ్యలేదు. కింద శత్రువు వచ్చి నిలబడె. ఇంతింత కండ్లు, ఇంతింత కొమ్ములు...”

నేను దగ్గాను.

“కొమ్ముల టోపీ సార్, ఆ కాలంలో పెట్టుకుంటాండ్రి. శత్రువు పైకి సూసినాడు, పులప్ప కిందికి సూసినాడు. వాడు ఆడనే నిలబడి నెమరేస్తా...” మళ్లీ దగ్గాను, ఈసారి కళ్లలో నీళ్లు వచ్చేంతగా. ఇంతలో చేలోంచి అత్త, కొడవలి ఊపుతూ, “నిచ్చెన ఏసి దించింది నేను గదా! అది సెప్పు, అది యాల సెప్పవు?” అంది.

అయిపోయింది, చైను అటక ఎక్కిందనుకున్నాను. సారు ఆమెను, మామను, నన్ను వరసగా చూసి, జట్టు వైపు తిరిగి కన్నడంలో చెప్పారు. “ఆ వీరుడికి ఇంటి ఆడవాళ్లు కూడా యుద్ధంలో సాయం చేశారట.” జట్టు చప్పట్లు కొట్టింది. మామను రాయి పక్కన, అత్తను కొడవలితో ఆయన పక్కన నిలబెట్టి ఫోటోలు తీసుకున్నారు. ఆ ఫోటోలో అత్త ఒక్కతే వీరుడిలా ఉంది.

రామకుప్పం దాటి (ఏనుగులు తొక్కిన రాగి చేల పక్కన నుంచి, గుండె చేత్తో పట్టుకుని) కుప్పం చేరేదాకా నేను మళ్లీ ఒక్క రాయికి కూడా పేరు పెట్టలేదు. చివరి సాయంత్రం టీ అంగడి దగ్గర సారు నన్ను పిలిచి నోటుపుస్తకం తెరిచారు. “ఆ రాయి అంచున అక్షరాలున్నాయమ్మా. నేను అప్పుడే చదివాను. సుల్తాన్ల కన్నా ఎంతో ముందుది. ఆవుల్ని విడిపించి పడిపోయాడని ఉంది. పేరున్న చోట రాయి పెచ్చు ఊడిపోయింది. ఆ ఇద్దరూ భార్యలు కారు, స్వర్గానికి తీసుకుపోవడానికి వచ్చిన దేవకన్యలు.”

“లాక్కుని పోతాండేది నిజమే గదా సార్” అన్నాను, తల వంచుకునే.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి మరీ నవ్వారు. “ఈసారి నుంచి తెలియకపోతే తెలియదని చెప్పు. ఏం కాదు” అని, గ్లౌజులక్క వైపు తిరిగి, “ఈ అమ్మాయి దారి బాగా చూపించింది” అన్నారు. అంతే, ఇంకేమీ చెప్పలేదు. చైను సైకిల్‌కే ఉంది. పుంగనూరుకు కాపురానికి వచ్చేదాకా నాలుగేళ్లు వాళ్లకు దారి చూపాను. తెలియదు అనే మాట కూడా మెల్లగా నేర్చుకున్నాను, మొదట్లో పంటి నొప్పి వచ్చినట్టుండేది.

మామ మాత్రం మారిపోయాడు. ఆ తర్వాత ప్రతి సోమవారం ఆ రాయిని కడిగి పసుపు పూసేవాడు. “యాల మామా?” అంటే, “నా పేరు పెట్టిస్తివి గదమ్మే. మురికిగా ఉంటే నాకే గదా తక్కువ” అనేవాడు. ఆయన పోయి మూడేళ్లయింది. ఏ యుద్ధమూ లేదు, మధ్యాహ్నం మజ్జిగ తాగి, మంచం మీద అట్లాగే.

మొన్న స్కూటీ మీద అమ్మవాళ్ల ఊరికి పోతూ ఆ రాయి దగ్గరికి వచ్చాను. ఈమధ్య మోకాళ్లు సహకరించడం లేదు. ఎవరూ చూడటం లేదు కదా అని, దిగకుండానే మెల్లగా దాటబోయాను. చేలోంచి ఒక కొత్త కోడలు, నన్నెరగని పిల్ల, లేచి నిలబడి, “అక్కా! దిగి పోవాల ఈడ” అని కేకేసింది. ఎందుకమ్మా అన్నాను. “పులప్ప రాయి గదా! సుల్తాను దండునే తరిమినాడంట. దిగకుంటే ఆయనకు కోపమొస్తాది.”

మా మామకు కోపం రావడం నేను జన్మలో చూడలేదు. దిగాను. చెప్పులు విడిచాను. ఆ పిల్ల చూస్తుండగా, కొమ్ముల టోపీ గుర్తొచ్చి వచ్చిన నవ్వును కొంగుతో దాచుకుంటూ, స్కూటీని ఆ రాయి దాటేదాకా నెట్టుకుంటూ నడిచాను.