ఏమీ అర్థం కాని లెక్కల మాస్టారు

మా లెక్కల మాస్టారికి లెక్కలు రావు. ఈ మాట నేను అనలేదు, ఆయన దగ్గర చదివిన పిల్లలంతా అంటారు. బోర్డు మీద ఎవరు ఏ జవాబు రాసినా ఆయన బుర్ర గోక్కుని, "నాకు అర్థం కాలేదు. ఎలా వచ్చిందో కాస్త చెప్పు" అంటారు. పిల్లలు జాలిపడి, సుద్దముక్క పుచ్చుకుని మొదటినుంచీ చెబుతారు.

పక్క గదిలో సైన్సు చెప్పే నాకు ఇరవై ఏళ్ళుగా గోడవతల నుంచి ఇదే పాట. ఇంట్లోనూ అదే వరసట. కూరలో ఉప్పు ఎక్కువైందని వాళ్ళావిడ అంటే, "ఎలా తేల్చావు?" అన్నారట. "నోట్లో పెట్టుకుంటే తేలింది, మీరూ పెట్టుకోండి" అని గిన్నె మొత్తం ఆయన ముందు పెట్టి ఆవిడ లేచి వెళ్ళిపోయిందట.

మొన్న ఇన్‌స్పెక్టరుగారు వచ్చారు. ఆయన్ని క్లాసులన్నీ తిప్పి చూపే పని నాకు పడింది. లెక్కల్లో వెనకబడ్డవాళ్ళను కింది తరగతికి పంపే జాబితా ఆయన చేతిలో ఉంది. అందులో మొదటి పేరు వెనక బెంచీ పిల్లది. ఏడాదిలో క్లాసులో ఆ పిల్ల గొంతు విన్నవాళ్ళు లేరు.

"సగమూ మూడోవంతూ కలిపితే ఎంతమ్మా?" లెక్కల క్లాసులోకి వెళ్ళగానే ఆ పిల్లను లేపి అడిగారు ఇన్‌స్పెక్టరు.

పిల్ల వచ్చి, అయిదింట రెండు వంతులని బోర్డు మీద రాసింది. క్లాసంతా కిసుక్కుమంది. ఇన్‌స్పెక్టరు పెన్ను మూత తీశారు.

మాస్టారు బుర్ర గోక్కున్నారు. "నాకు అర్థం కాలేదమ్మా. ఎలా వచ్చిందో కాస్త చెప్పు."

పిల్ల సుద్దముక్క నలుపుతూ అంది. "పొద్దున రెండుసార్లు బంతి విసిరితే ఒకసారి బుట్టలో పడిందండీ. సాయంత్రం మూడుసార్లకి ఒకసారి. మొత్తం అయిదుకి రెండు."

"బంతులకి ఆ లెక్క సరిపోయింది. మరి ఒకే రొట్టెలో సగం తిని, ఆ మొత్తం రొట్టెలో మూడోవంతు కూడా తిన్నావనుకో?" అన్నారు మాస్టారు.

పిల్ల బోర్డుకేసి చూసింది. "అయిదింట రెండంటే సగం కూడా లేదు కదండీ. సగం తిన్నాక ఇంకా తింటే, తిన్నది సగంకన్నా తగ్గుతుందా?" అని తనే నవ్వేసింది. రొట్టె గీసింది, ఆరు ముక్కలు చేసింది. సగానికి మూడు, మూడోవంతుకి రెండు. "ఆరింట అయిదండీ."

ఇన్‌స్పెక్టరు జాబితాలోంచి ఆ పేరు కొట్టేశారు.

టీ తాగేటప్పుడు మాస్టారిని అడిగాను. "ఆ బంతుల లెక్క మీకు ముందే తెలుసు కదూ?"

"నెల్లాళ్ళ నుంచీ తెలుసు. ఆ పిల్ల ఆటలో నేల మీద రాసి అలాగే కలుపుతుంది. కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను."

"మరి అర్థం కాలేదని ఆ నాటకం ఎందుకు?"

"అన్నీ తెలిసినవాడి ముందు పిల్లలు నోరు విప్పరండీ. వెర్రివాడైతే పాపమని చెబుతారు."

ఇరవై ఏళ్ళు గోడ ఇవతల కూర్చుని నవ్వుకున్నందుకు నాకు సిగ్గేసింది. "మీరు చాలా మంచివారు మాస్టారూ" అన్నాను.

ఆయన బుర్ర గోక్కున్నారు.

"నాకు అర్థం కాలేదు. ఈ జవాబు ఎలా వచ్చిందో కాస్త చెప్పండి."