అంచు లేని గొంగడి

మా అత్తమ్మ పోయిన మంగళవారం పొద్దున కన్నుమూసింది. తొంభై దాటిన మనిషి. ముందురోజు సాయంత్రం కూడా జొన్నరొట్టె పాలల్లో నానబెట్టుకొని తిన్నది, పక్కింటి మేకను వాకిట్లోకి రానిచ్చినందుకు నన్ను తిట్టింది. పొద్దున చాయ్ తీసుకుపోయి పిలిస్తే పలకలేదు. ఎవరినీ కష్టపెట్టని చావు అని వచ్చినవాళ్లంతా అన్నారు. నాకు మాత్రం కష్టంగానే ఉంది.

కబురు విని వచ్చినవాళ్లలో మా వెనకింటి ముసలామె ఒకతె నా చెయ్యి పట్టుకొని, "మీ అత్తకు నడుం నొప్పి గిట్ల మల్ల లేసిందా బిడ్డా?" అని అడిగింది. అడిగి, ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. నాకూ నవ్వు ఆగలేదు. చావింట్లో ఇద్దరు ఆడవాళ్లు నవ్వుతుంటే పట్నం నుంచి వచ్చిన చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు ఆ నడుము నొప్పి సంగతి తెలియదు. మీకూ తెలియదు కాబట్టి చెబుతాను. అది తెలియకపోతే మా అత్తమ్మ ఎవరో మీకు తెలియనట్టే.

మక్తల్ అవతల ఉన్న ఈ ఊరికి నేను కోడలిగా వచ్చింది యాభయ్యో దశకం చివర్లో. ఇంట్లో మామయ్య, అత్తమ్మ, నా భర్త, అందరి మీదా మామయ్య తల్లి. ఆమెను మేమంతా అవ్వ అనేవాళ్లం. ఇంటి తాళపుచెవులు ఆమె కొంగునే ఉండేవి. ఏ కూర వండాలో, ఏ చుట్టానికి ఏ చాప వెయ్యాలో ఆమె చెప్పాల్సిందే. చెడ్డది కాదు, కాని చెప్పిన మాట నేల మీద పడితే ఊరుకునేది కాదు.

అత్తమ్మది చిన్న మనిషి, చిన్న గొంతు. కోపం వస్తే ఆ గొంతు ఇంకా తగ్గేది. ఎవరితోనూ వాదం పెట్టుకునేది కాదు. "చెప్తె వద్దంటరు, చేస్తె సూస్తరు" అనేది నాతో, రొట్టెలు కొడుతూ. అన్నట్టే చేసేది. వంటింటికి కిటికీ కావాలని ఎన్నిసార్లు అడిగినా అవ్వ ఒప్పుకోలేదట. ఒకసారి వానలకు ఆ గోడ కొంచెం కూలితే, మేస్త్రీ దగ్గర నిలబడి గోడ మళ్లీ కట్టించింది. పొద్దుగూకి అవ్వ వంటింట్లోకి వచ్చేసరికి మొహానికి గాలి తగిలింది. కట్టిన గోడను కూలగొట్టమని అనలేక అవ్వ ఆ కిటికీ పక్కనే పీట వేయించుకున్నది.

నాకు తల్లి లేదు, చిన్నప్పుడే పోయింది. తొలికాన్పు పుట్టింట్లో జరగాలంటారు, ఆ ఇల్లు నాకు లేదు. నెల తప్పిందని తెలిసిన రోజు అదే మాట అనుకుంటూ నేను పెరట్లో కూర్చుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "తల్లిగారిల్లు లేకుంటేంది పిల్లా, నేను లేనా?" అన్నది. ఆ ఒక్క మాటకు ఆమె కోసం ఏమైనా చేసేదాన్ని. చేశాను కూడా, నెలల తరబడి, అనవసరంగా. అది ముందుముందు తెలుస్తుంది.

ఇప్పుడు ఈ ఊరి ఆనవాయితీ చెప్పాలి. మొగపిల్లవాడు పుడితే ఇరవై ఒకటో రోజు తొట్టెల పండుగకు, అంటే బారసాలకు, కొత్త గొంగడి తెచ్చేవాళ్లు. నల్లటి ఉన్ని, ఎర్రటి అంచు. నడింట్లో దాన్ని పరిచి, పిల్లవాణ్ని మధ్యలో పడుకోబెట్టి, చుట్టాలంతా వచ్చి దీవించేవాళ్లు. నడక వచ్చేదాకా ఆ గొంగడి వాడిదే. ఆడపిల్ల పుడితే పాత చీరల బొంత. అది కూడా నడింట్లో కాదు, వంటింటి గడప పక్కన. బొంత మెత్తగానే ఉంటుంది, దాన్ని నేను తక్కువ చెయ్యను. కాని ఒకటి పిల్లవాడి కోసం తెచ్చేది, ఇంకొకటి పిల్లకు దొరికేది. ఆ తేడా పాలు తాగే పిల్లకు తెలియదు, తల్లికి తెలుస్తుంది.

నేను వచ్చిన ఏడాదే మా వెనకింట్లో ఆడపిల్ల పుట్టింది. తొట్టెల రోజు ఆ పిల్లను చూడడానికి పోతే ఎక్కడ ఉందో వెతుక్కోవలసి వచ్చింది. బియ్యం బస్తాలకూ పొయ్యికీ మధ్య బొంత మీద ఉంది. పిల్లతల్లి నా వైపు చూడలేదు. ఆ చూడకపోవడం నా కడుపులో ఉండిపోయింది. నా కడుపు పండినప్పటి నుంచి అదే దిగులు.

ఒకరోజు ఉండలేక అత్తమ్మను అడిగాను, ఆడపిల్ల అయితే ఎట్లా అని. ఆమె పెనం మీద రొట్టె తిప్పి, ఉన్ని నీ ఒంటికి గుచ్చుకుంటుందా అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నాను. ఆ వారం లోపలే ఆమెకు నడుము నొప్పి మొదలైంది.

మొదలవడం అంటే మామూలుగా కాదు. లేస్తే అమ్మా, కూర్చుంటే అమ్మా. నీళ్ల బిందె ఎత్తడం మానేసింది. మామయ్య పాపం దవాఖానకు పోయి మందు తెచ్చాడు. అవ్వ చేదు కషాయం కాచి పక్కన నిలబడి తాగించింది. ఆముదం కాచి రోజూ సాయంత్రం ఆ నడుముకు మర్దన చేసింది ఎవరనుకున్నారు? నేనే, పెరుగుతున్న కడుపుతో. చివరికి అవ్వే అన్నది, వట్టి నేల మీద పడుకుంటే నొప్పి ఎట్లా పోతుంది, ఒక కొత్త గొంగడి నేయించుకో అని. అత్తమ్మ వద్దంది. అవ్వ గట్టిగా చెప్పింది. అత్తమ్మ సరేనంది.

సంత రోజు నన్ను కూడా బండిలో వెంటబెట్టుకొని మక్తల్ దగ్గరి కురుమల ఇంటికి పోయింది. అక్కడ గొంగళ్లు నేసే పెద్దాయన ఉన్ని కుప్పలు చూపించాడు. అత్తమ్మ ఒక్కొక్క పిడికెడు తీసి మెడ కింద రుద్దుకొని చూసింది, చెంపకు ఆనించి చూసింది. నల్లది పక్కకు పెట్టింది. గొర్రెపిల్లలకు మొదటిసారి కత్తిరించిన ఉన్ని ఒక మూల కొంచెం ఉంది. నల్లది కాదు, తెల్లది కాదు, మా చెల్క పొలంలో దుక్కి ఆరినప్పటి రంగు. దాన్ని నా చెంపకు కూడా పెట్టి, గుచ్చుకుంటుందా అని అడిగింది. లేదన్నాను. నడుము కింద వేసుకునేదానికి చెంపతో పనేమిటని నాకు తట్టనే లేదు. అంత అమాయకురాలిని.

అంచు ఎర్రది పెట్టాలా అని పెద్దాయన అడిగాడు. అత్తమ్మ అసలు అంచే వద్దంది. ఆయన నవ్వి, "అంచు లేకుంటే గది మొగోళ్లదో ఆడోళ్లదో ఎట్ల తెలుస్తది అక్కా?" అన్నాడు.

"తెల్వకనే పోనీ అన్నా. గొర్రెకు తెలుసునా?" అన్నది అత్తమ్మ.

నాకు ఆడపిల్లే పుట్టింది. ముందు దాన్ని చేతుల్లోకి తీసుకున్నది అత్తమ్మే. నేను మొహం గోడవైపు తిప్పుకుంటే, గడ్డం పట్టుకొని ఇటు తిప్పి బిడ్డను చూపించింది. అవ్వ గడప దగ్గరి నుంచే తొంగి చూసి, పెట్టెలోంచి పాత చీరలు తీయించి, బొంత కుట్టే పనికి మనిషిని పిలిపించింది.  

తొట్టెల రోజు ఇల్లంతా చుట్టాలు. నేను స్నానం చేసి బిడ్డను ఎత్తుకొని వచ్చేసరికి బొంత వంటింటి పక్కన పరిచి ఉంది. నా కాళ్లు అటే పోయాయి. అంతలో అత్తమ్మ గొంగడి భుజాన వేసుకొని వచ్చింది. నడింట్లో, దూలం కింద, ఇంటి మొగపిల్లలను పడుకోబెట్టే చోట దాన్ని దులిపి పరిచింది. నా చేతుల్లోంచి బిడ్డను తీసుకొని మధ్యలో పడుకోబెట్టింది. వంగింది, లేచింది, ఒక్క అమ్మా కూడా లేదు.

 అవ్వ పీట మీది నుంచి లేచింది. "గా గొంగడి నీ నడుముకని చేయించుకుంటివి గదనే?" అన్నది.

"నాదే అత్తా. నా గొంగడి మీద నా మనుమరాలు పండుకుంటది" అన్నది అత్తమ్మ. గొంతు ఎంత చిన్నదంటే అందరూ ముందుకు వంగి విన్నారు.

"మరి నీ నడుం నొప్పో?"

"పోయింది. గీ పిల్లను ఎత్తుకున్ననాడే పోయింది."

ఆ మాటకు మొదట నవ్వింది మా వెనకింటామె. తర్వాత ఆడవాళ్లంతా నవ్వారు, మామయ్య కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు. నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. ఇన్నాళ్లూ నేను పిసికింది రాయిలాంటి నడుమునని అప్పుడు అర్థమైంది. చెప్పొద్దూ, కోపం కూడా వచ్చింది. ఆ కోపం మీదే నాకు ఆమె అంటే ప్రాణం అయింది.

ఆమె ఆ నాటకం ఎందుకు ఆడిందో తర్వాత చెప్పింది. బిడ్డ పుట్టకముందు బిడ్డ పేరున ఏదీ చేయించకూడదని మాలో పట్టింపు. పుట్టిన తర్వాత చేయిద్దామంటే, ఆడపిల్ల అని తెలిశాక ఎవరూ ఆ మాటే ఎత్తరు. ఉన్ని వడకాలి, చింతగింజల గంజి పట్టించాలి, నేయాలి, ఇరవై రోజుల్లో ఒక్కతే ఏం చెయ్యగలదు? అందుకని ఎవరు పుడతారో తెలియకముందే, ఎవరు పుట్టినా సరిపోయేది తన పేరున నేయించుకుంది. కషాయం మాత్రం చాలా చేదుగా ఉండేదట.

అవ్వ అవునని ఎన్నడూ అనలేదు. కాని పిల్ల గొంగడి తడిపితే, ఎండలో వెయ్యలేదని మమ్మల్ని అరవడం మొదలుపెట్టింది. అంతకన్నా ఆమె నోట ఏం రావాలి! మరుసటేడు వెనకింటామెకు మళ్లీ నెలలు నిండుతుంటే ఆమెకూ నడుము నొప్పి వచ్చింది. ఆ తర్వాత మా వాడకట్టులో చాలామంది నడుములు వరసగా నొప్పి పెట్టాయి. గొంగళ్లు నేసే పెద్దాయన అంచు సంగతి అడగడం మానేశాడు.

నా కొడుకు పుట్టినప్పుడు చుట్టాలు ఎర్రంచు గొంగడి తెచ్చారు. అత్తమ్మ దాన్ని కళ్లకద్దుకొని, జొన్నచేను కావలికి పోయే మామయ్యకు కప్పుకొమ్మని ఇచ్చింది. పిల్లవాడు వాళ్లక్క గొంగడి మీదే పడుకున్నాడు.

ఈ వారం రోజులుగా కళ్లు మూసుకుంటే నాకు ఒకటే కనిపిస్తోంది. నా బిడ్డ పాకడం మొదలుపెట్టిన రోజులు. పిల్ల గొంగడి దాటి నేల మీదికి పోబోతే, అత్తమ్మ గొంగడిని ముందుకు జరిపింది. పిల్ల మళ్లీ దాటింది, ఆమె మళ్లీ జరిపింది. అట్లా నడింట్లోంచి గడప దాకా వచ్చారు. అవతల అరుగు మీద మామయ్య, ఊరి పెద్దమనుషులు కూర్చొని ఉన్నారు. ఆడవాళ్లం ఆ అరుగు మీదికి పోయేవాళ్లం కాదు. నేను లోపలి నుంచి వద్దని సైగ చేశాను. అత్తమ్మ నా వైపు చూడలేదు. గొంగడి గడప మీదుగా అరుగు మీదికి విసిరి పరిచింది. పిల్ల గడప ఎక్కి, దిగి, వాళ్ల మధ్యకు పాకింది. పెద్దమనుషులు ఒక్కొక్కరే కాళ్లు ముడుచుకొని జాగా ఇచ్చారు.