నీటికుక్కలు దారి దాటేదాకా

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడకూ, అదే ఆసుపత్రి వంటగదిలో కూరలు తరిగే తన ఆడపడుచుకూ మాటలు ఆగిపోయి మూడేళ్ళయింది. కారణం అత్తగారి బీరువా. పెద్దావిడ పోయాక అది కొడుకింటికి వచ్చింది. అందులో తనకూ సగం వాటా ఉందని కూతురు అంది. "సగానికి కోయించమంటావా?" అని కోడలు అడిగింది. తెలుసుకుందామనే అడిగింది గానీ అవతల అలా వినపడలేదు.

ఇద్దరివీ ఎదురెదురు ఇళ్ళు. మధ్యలో ఆవిడ భర్త, బస్సు కండక్టరు, అడకత్తెరలో పోకచెక్కలా నలిగేవాడు. "చెల్లాయి నిచ్చెన అడుగుతోంది," అనేవాడు. "మెట్టు విరిగిందని చెప్పు," అనేది ఆవిడ. ఆ మాట వీధి అవతలికి ముందే వినపడేది. అయినా ఆయన చెప్పులేసుకుని వెళ్ళి చెప్పి వచ్చేవాడు.

ఆ ఏడు వంతెన మరమ్మతులని బస్సులు ఆపేశారు. వదినా ఆడపడుచులిద్దరూ సైకిళ్ళెక్కారు. ఉన్నది ఏటి గట్టు దారి ఒకటే. ముందు వదిన, కాస్త దూరంగా వెనక ఆడపడుచు. వదిన సైకిలు బ్రేకు కీచుమనేది, ఆడపడుచు సైకిలు గొలుసు గలగలమనేది. ఎవరూ ఎవరినీ చూసేవారు కాదు.

ఆకులు దాదాపు రాలిపోయి, చెట్ల సందుల్లోంచి ఏరంతా కనిపించే రోజులవి. రాతి మీద నీటికాకి రెక్కలు చాపి ఆరబెట్టుకుంటుంటే, ఆరేసిన తీరు బాలేదనీ ముడతలు పడతాయనీ ఇస్త్రీ ఆవిడకు అనిపించేది. లకుముకి పిట్ట నీళ్ళల్లో పడి చేపతో లేచేది. ఇవన్నీ ఇంటికొచ్చి చెబితే భర్త "ఊ" అనేవాడు.

ఒక మంచు పొద్దున తుంగలోంచి పొడుగాటి జంతువొకటి గట్టెక్కి దారి మధ్య నిలబడింది. ఆవిడ చటుక్కున బ్రేకు నొక్కింది. వెనక చక్రానికి ఆడపడుచు ముందు చక్రం వచ్చి తగిలింది.

"చూసుకోవా?"

"ఆపేముందు చెప్పాలి కదా."

"ష్."

మూడేళ్ళలో మొదటి సంభాషణ అదే.

"కుక్కా, వదినా?" అంది ఆడపడుచు గుసగుసగా.

"తోక చూడు. కుక్కకి అంత లావుంటుందా?"

"ముంగిసా?"

"ముంగిస నోట్లో చేపేంటి? నీటికుక్క."

"కుక్కేనన్నమాట."

ఈలలాంటి కూత వినపడింది. తుంగ కదిలి, తడిసిన పిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. చివరిది మధ్యలో ఆగి సైకిలు చక్రాన్ని వాసన చూసింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఆడపడుచు చెయ్యి వచ్చి వదిన మోచెయ్యి పట్టుకుంది. పిల్ల తుమ్మి, మిగతావాటి వెనక అవతలి పల్లంలోకి జారిపోయింది. అవి వెళ్ళాక కూడా ఆ చెయ్యి కాసేపు అక్కడే ఉంది.

ఆలస్యానికి లాండ్రీ సూపర్‌వైజరు ఆవిణ్ణి నిలదీశాడు. "పిల్లలతో దారి దాటుతుంటే ఆగామండీ," అంది. ఎవరి పిల్లలని ఆయన అడగలేదు.

సాయంత్రం ఆవిడ భర్తకి చెబుతోంది. "తల్లీ, మూడు పిల్లలూ."

"నాలుగు," అని ఎదురింటి కిటికీలోంచి వినపడింది.

ఆయన అలవాటుగా చెప్పుల కోసం చూశాడు.

"నువ్వు కూర్చో. నేనే వెళ్ళి చెబుతా," అంటూ ఆవిడ వీధి దాటింది. తిరిగొచ్చేసరికి చాలాసేపయింది. లెక్క తేలలేదట. బీరువా ఊసు రాలేదట.

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ గట్టు మీదికెళ్ళి చలికి ముడుచుకుని కూర్చున్నారు. నీటికుక్కలు రాలేదు. చాలాసేపటికి ఒక బాతు వచ్చింది.

"బాతు కూడా బాగానే ఉంది," అంది ఆడపడుచు.

"బాగానే ఉంది," అంది వదిన.