మేడమీద బాబాయి మాట

మా మేడమీద అద్దెకుండే బాబాయి చిలకలూరిపేట పత్తి జిన్నింగు మిల్లులో సూపర్‌వైజరుగా చేసేవారు. క్యాన్సర్ వచ్చి గొంతు తీసేశాక ల్యాప్‌టాప్‌తోనే మాట్లాడేవారు. ఆయన టైపు చేస్తే అది పైకి చదివేది. పాత బ్యాటరీ గంటకే అయిపోయేది. అందుకని ప్రాసెసర్ వేగాన్ని సగానికి తగ్గించి, స్క్రీన్ మసక చేసి పెట్టుకున్నారు. దాంతో మాట కాస్త ఆలస్యంగా వచ్చేది. ఈలోగా ఎదుటివాళ్ళు వెళ్ళిపోకుండా అరచెయ్యి ఎత్తి ఆపేవారు.

"ఇంత నిదానమైతే ఎట్టా బాబాయ్?" అన్నానొకసారి.

చెయ్యెత్తారు. కాసేపటికి, "సాయంత్రం మీ పిన్నితో మాట్లాడ్డానికి చార్జింగు మిగలాలి గదమ్మా," అంది ల్యాప్‌టాప్.

పిన్నికి గుండెజబ్బు ముదిరి గుంటూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు నేనూ తోడు వెళ్ళాను. ఆమె మంచం దగ్గరున్న ప్లగ్గులు మిషన్లకే సరిపోయాయి. బాబాయి వేగం ఇంకా తగ్గించారు. పిన్ని కళ్ళు తెరిచినప్పుడల్లా టైపు చేసి చెయ్యెత్తేవారు. ఆమె ఆ చేతినే చూస్తూ ఉండేది.

"ఇక్కడే ఉన్నా," అనేది ల్యాప్‌టాప్.

"వినపడిందిలే," అనేది పిన్ని.

మర్నాడు మధ్యాహ్నం ఆమె పోయింది. బాబాయి ఏడవలేదు. వరండాలో బల్ల మీద కూర్చుని, ల్యాప్‌టాప్ తెరిచి, ప్రాసెసర్ వేగం పూర్తిగా పెంచేశారు.

"కాస్త టీ అన్నా తాగు బాబాయ్," అన్నాను.

"వద్దమ్మా," అని వెంటనే వచ్చింది మాట.

ఆలస్యానికి అలవాటుపడ్డ నేను, జవాబు వచ్చేసిందని తట్టక, టీ గ్లాసు పట్టుకుని ఇంకా అక్కడే నిలబడ్డాను.