పడమటి వాలు మీద తెల్లచుక్కలు

2007 జనవరి. బర్ దుబాయ్‌లోని ఒక సర్వే కంపెనీలో ఉపగ్రహ చిత్రాలు చదివే ఉద్యోగం నాది. ఒక మధ్యాహ్నం ఖాదర్ భాయ్ వచ్చారు. నెల్లూరాయన. షార్జా నుంచి సముద్రపు పనులకు మనుషుల్ని పంపే కాంట్రాక్టరు. ఎర్ర సముద్రంలో ఒక అగ్నిపర్వత దీవి మీద ఆయన మనుషులు ఏడుగురు దీపస్తంభం కడుతున్నారు.

"నేల సన్నంగా వణకతా ఉండాదంటున్నారమ్మా. కొండ నోరు ఎట్టుండాదో చూసి చెప్పు."

థర్మల్ ఇమేజ్ తెరిచాను. వేడి ఉన్నచోటు తెల్లగా కనిపించే చిత్రం అది. శిఖరం మీది క్రేటర్, అంటే కొండ నోరు, నల్లగా, చల్లగా ఉంది. పడమటి వాలు మీద మాత్రం తెల్లచుక్కలు దారానికి గుచ్చినట్టు వరసగా కిందికి దిగుతున్నాయి. రెండు రోజుల కిందట ఈ చిత్రం మీద సంతకం పెట్టినప్పుడే వాటిని చూసి, ఎండకు కాగిన రాళ్లనుకుని వదిలేశాను. ఇప్పుడు చిత్రం తీసిన సమయం చూశాను. సూర్యోదయానికి ముందు. రాళ్లు కాగడానికి అప్పటికి ఎండే లేదు.

"మీవాళ్ల డేరాలెక్కడ భాయ్?"

వేలు పెట్టి చూపించారు. ఆ వరస సరిగ్గా అటే పోతోంది.

వెంటనే దీవిలో ఉన్న మేస్త్రీ మల్లేశంకు శాటిలైట్ ఫోన్ కలిపారు.

"చప్పుడేం లేదు మేడం," అన్నాడతను. "పక్షులే మూడ్రోజులసంది దిగుతలేవు. డేరాల కింద నేల వెచ్చగుంది. ఈ గాలికి మంచిగనే ఉందని అందరం ఆడ్నే పంటున్నం."

లావా ఎప్పుడూ శిఖరం నుంచే రాదనీ, ఒక్కోసారి పక్క వాలును చీల్చుకుని వస్తుందనీ, దాన్నే ఫ్లాంక్ ఇరప్షన్ అంటారనీ ఖాదర్ భాయ్‌కి చెప్పాను.

"ఖాయమా అమ్మా?"

"కాదు భాయ్. కానీ నా తమ్ముడు అక్కడుంటే ఈ పూటే వచ్చేయమంటాను."

ఆయన ఫోన్ అందుకున్నారు. "మల్లేశం, పని ఖలాస్. సామాను ఆడ్నే వదిలేయండి. యల్లా, పడవెక్కండి!"

మూడో రోజు వాలు చీలింది. అప్పటికే ఏడుగురూ దీవి దాటేశారు.

వారం తర్వాత పొగ లేని చిత్రం దొరికింది. "మా డేరాలు యాడుండాయమ్మా?" అన్నారు ఖాదర్ భాయ్. ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు టైపు చేశాను. కర్సర్ వెళ్లి ఒక గుండ్రటి నల్లని గుంట నడుమ నిలిచింది. ఎగజిమ్మిన రాళ్లూ బూడిదా చుట్టూ గట్టులా పేరుకుని అక్కడ కొత్త క్రేటర్ పుట్టింది.

అప్పుడు ఆయనకు నా పొరపాటు చెప్పేశాను. ఆయన తెర మీది ఆ గుంట మీద వేలు పెట్టారు.

"ఇంకెప్పుడన్నా రాళ్లే అనుకునే ముందు, ఆడ పండుకునే మనిషిని ఒక మాట అడుగమ్మా."

అప్పటి నుంచీ అడగకుండా ఏ చిత్రం మీదా సంతకం పెట్టలేదు.