ఖాళీ క్యూలో తోపులాట

దీపమార్పి ఒట్టేయమన్నా వేస్తాను. జరిగింది జరిగినట్టే చెప్తున్నాను. తాగున్నావా అని అడగాలనుకున్నవాడు ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. ఆ ప్రశ్న విని విని నా ప్రాణం విసిగిపోయింది.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు ఊపందుకుంటున్న రోజులవి. నేను పోర్టులో కలాసీని. సింహాచలంలో చందనోత్సవం వస్తే మాత్రం సెలవు పెట్టి మా అప్పన్న బావతో పోయేవాణ్ణి. క్యూలైన్లకు సరుగుడు కర్రలు పాతి, అడ్డకర్రలు కొబ్బరితాడుతో బిగించే పని బావది.

క్యూలైన్లు కట్టే పనివాళ్ళందరూ చేసేది ఒకటుంది. గేటు తీయకముందే ఇంటివాళ్ళను పక్కనుంచి లోపలికి దూర్చేయడం. నేనూ అదే చేశాను. నా భార్య నరసమ్మకు పాప పుట్టి మూడో నెల. మొక్కుంది, రావద్దంటే వినదు. ఆ జనంలో పసిగుడ్డు ఏమైపోతుందోనని నాకు ఒకటే భయం. అందుకే తెల్లారకముందే ఒక అడ్డకర్ర విప్పి ఇద్దర్నీ లోపలికి పంపాను.

"నిదానంగా నడుసుకుంటా ఎల్లిపో. గేటు తీసేతలికి ముందుంటావు. ఇక్కడ ఎవుళూ నేరు, అంతా కాళీయే" అన్నాను.

కర్ర మళ్ళీ కట్టేశాను. బీడీ ముట్టించాను. అప్పుడు...

కిర్ర్...

ఆ చప్పుడు నాకు తెలుసు. గాలికి రాదది. జనం ఒరిగితేనే వస్తుంది. కిర్ర్... దాని పక్క కర్ర... ఆ పక్కది... తాళ్ళు బిగుసుకుంటున్నాయి. కర్రలు నా వైపు వంగుతున్నాయి. ట్యూబులైటు వెలుగులో చూస్తే లోపలంతా ఖాళీ. కుక్క కూడా లేదు.

"జరగండమ్మా... సంటిపిల్లుంది... జరగండీ!"

నరసమ్మ గొంతు! పరుగెత్తాను. మలుపు దగ్గర లైను మధ్యలో... ఒక్కతే. పాపను రెండు చేతులతో నెత్తికి పైన ఎత్తి పట్టుకుంది. భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. కాళ్ళు... నేలకు ఆనడం లేదు. పాప నోరు తెరిచే ఉంది. ఏడుపు లేదు. గుక్కపట్టేసింది.

మొలలో కత్తి తీసి తాళ్ళు కోశాను. అడ్డకర్ర ఎగిరొచ్చి ఛాతీకి తగిలింది. నరసమ్మ నా మీద పడింది. ఆ వెంటనే... నా రెండు పక్కల నుంచీ వెచ్చగా ఏదో రాసుకుంటూ పోయింది. చాలాసేపు పోయింది. చెమట వాసన... అప్పుడు పాప గుక్క తిప్పుకుని కెవ్వుమంది.

బావ చిందులు తొక్కుతూ వచ్చాడు. "ఏటి బావా ఇది! కట్టిందంతా కోసీసినావేటి? బుర్రుందా నీకు?"

కొత్త తాడు తెచ్చి మళ్ళీ కట్టాను.

ఇప్పుడు పాప బడికెళ్తోంది. నరసమ్మ కోపం మాత్రం అలాగే ఉంది. "అంతమందిని నోపలికి ఒగ్గీసినావు. నాను సచ్చిపోతంటే బయట నిలబడి సూత్తన్నావు" అంటుంది.

"అక్కడ ఎవుళూ నేరే" అన్నాను ఒకసారి. పాపను చంకనేసుకుని సబ్బవరం పుట్టింటికి వెళ్ళిపోయింది. బతిమాలి తెచ్చుకునేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పట్నుంచి వాదించడం మానేశాను. జనం ఉన్నారే తల్లీ, చాలామంది ఉన్నారు, నాదే తప్పు అంటాను. సంసారం కోసం అబద్ధమాడుతున్నాననే అనుకుంటాను... కానీ అది అబద్ధమేనా?