ఎండ వైపు కిటికీ

నా చిన్నప్పుడు మా తాతా నేనూ ఆఖరిసారి మాట్లాడుకున్నది నాంపల్లి స్టేషన్‌లో, రైలు కిటికీ దగ్గర.

“చెరువు వచ్చేదాంక ఇటు దిక్కు చూడకు బిడ్డా.”

“చూడను తాతా.”

అంతే. ఆ తర్వాత ఆయన గొంతు నేను మళ్లీ వినలేదు.

మా తాత ఆ స్టేషన్‌లోనే హమాలీ. అమ్మానాన్నలు లేని నన్ను ఆయనే పెంచాడు. స్టేషన్ వెనక గల్లీలో కిరాయికి ఒక్క అర్ర, అదే మా ఇల్లు. మూటలు మోయడంకంటే సీట్లు పట్టడంలోనే ఆయనకు పేరు ఎక్కువ. ఖాళీ బండి ప్లాట్‌ఫారం మీదికి వస్తుండగానే కిటికీలోంచి ఎర్ర దస్తీ గుడ్డ విసిరేవాడు. దస్తీ పడ్డ సీటు జోలికి ఇంకొకరు పోయేవారు కాదు. అప్పట్లో అది అందరూ ఒప్పుకున్న పద్ధతి.

అట్లా అని ఏ సీటు మీద పడితే ఆ సీటు మీద వేసేవాడు కాదు. పొద్దుటి బండికి ఎడమ వైపు, సాయంత్రం బండికి కుడి వైపు. ఎప్పుడూ నీడ పట్టునే. “ఎండల కూసున్నోనికి కిటికీ ఎందుకు? తలుపు దించుకొని చీకట్ల కూసుంటడు” అనేవాడు. ఆయన పట్టిన సీటులో కూర్చున్నవాళ్లు కిటికీ మూసుకోవలసిన అవసరమే రాలేదని గొప్పగా చెప్పుకునేవాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయనకు దగ్గు పట్టుకుంది. మూట ఎత్తితే ఊపిరి అందేది కాదు. నన్ను కాజీపేటలో ఉన్న మేనత్త దగ్గరికి పంపాలని ఎప్పుడు అనుకున్నాడో నాకు తెలియదు. ఒకరోజు మామ, అంటే ఆ అత్త భర్త, వచ్చి మా అర్రలో కూర్చున్నాక తెలిసింది.

మరునాడు పొద్దుటి బండి. మా తాత దస్తీ విసిరాడు. పోయి చూస్తే అది కుడి వైపు పడి ఉంది.

“తాతా, గిది ఎండ దిక్కు గద! నువ్వే తప్పు వేసినవ్” అన్నాను.

తోటి హమాలీలు నవ్వారు. “ముసలోడా, మనుమరాలే నీకు పని నేర్పుతున్నది” అన్నారు.

“గా దిక్కే పెద్ద చెరువు కనవడ్తదే” అన్నాడు తాత.

“మరి నువ్వు కనవడవు గద?” ప్లాట్‌ఫారం ఎడమ వైపు ఉంది.

“నన్నేం జూస్తవ్, రోజు జూసే మొకమే. చెరువు జూడు. ఎంత పెద్దగున్నదో మీ అత్తకు జెప్పాలె.”

మాట ఇచ్చాను కాబట్టి బండి కదిలినా ప్లాట్‌ఫారం వైపు తిరగలేదు. లక్డీకాపూల్ పోయింది, ఖైరతాబాద్ పోయింది. ఎండ కళ్లలో పొడుస్తున్నా చూపు తిప్పలేదు. అప్పుడు వచ్చింది హుస్సేన్‌సాగర్. ఆ నీళ్లన్నీ ఎండకు తెల్లగా మండుతున్నాయి. అంత నీరు ఒక్కచోట ఎప్పుడూ చూడలేదేమో, చప్పట్లు కొట్టి అలవాటుగా “తాతా!” అని ఇటు తిరిగాను.

ఇటు మామ ఒక్కడే ఉన్నాడు. తల వంచుకుని ఉన్నాడు. “మీ తాత బండెంబడి ఉరికిండు బిడ్డా” అన్నాడు. “ప్లాట్‌ఫారం అయిపోయేదాంక ఉరికిండు. నువ్వు జూస్తె దిగుతనంటవని గీ దిక్కు కూసోవెట్టిండు.”

ఆ వానాకాలం దాటకుండానే తాత పోయాడు.

నేను ఏడవకుండా పోవాలని తన పనిలో తానే తప్పు చేశాడు. ఆ ప్రేమ నాకు తెలుసు. అయినా చెరువుకేం, ఇప్పటికీ అక్కడే ఉంది. పెళ్లయి ఆబిడ్స్‌కు వచ్చాక ఎన్నిసార్లు చూశానో లెక్కే లేదు. ఉరికే తాతను ఒక్కసారి కూడా చూడలేదు. అందుకే మా ఆయన్ని దవాఖానకు తీసుకుపోయిన రోజు ఆటోలో నా కళ్లు రోడ్డు మీదికి పోలేదు. అఫ్జల్‌గంజ్ ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. ఆయన ముఖమే చూస్తూ కూర్చున్నాను. ఆయన తిరిగి ఇంటికి రాలేదు, కానీ ఆ చూపు నాకు మిగిలింది.

నేను చెబుతుంటే ఇది రాసిపెడుతున్న నా మనుమరాలికి విశాఖలో నౌకరీ వచ్చింది. దింపి రావడానికి నేనూ పోతున్నాను, మొదటిసారి విమానంలో. పొద్దున్నుంచి ఫోన్‌లో సీట్లు వెతుకుతోంది. రెక్క మీద సీటైతే ఏమీ కనబడదట, ముందు వరుసలు మంచివట, కుడి వైపైతే దిగేటప్పుడు సముద్రం కనబడుతుందట.

“కిటికీ నీకే అమ్మమ్మా, నేను పక్కకు కూసుంట” అంటోంది.

“వద్దు బిడ్డా, కిటికీ నువ్వే తీస్కో. నేను నడుమ కూసుంట. అటు తిరిగితే సముద్రం కనవడ్తది, దాని ముందు నీ మొకం కనవడ్తది. వచ్చేటప్పుడు ఎట్లాగూ ఒక్కదాన్నే, అప్పుడు ఏ సీటైతే ఏంది?”

రాసుడు ఆపి గట్లా చూస్తవేంది? కండ్లు తుడుచుకో. ఇప్పటిదాంక రాసింది జర గట్టిగా చదువు. నిన్ను చూసుకుంట వింట.